వయ్యారిభామను కోస్తే పోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నాలుగు వానలు పడ్డాయంటే మా వలంటీర్ల బృందానికి ఫోన్లు మొదలవుతాయి. "ఆదివారం చెరువు గట్టు మీద వయ్యారిభామ కలుపు (పార్థీనియం) కోయిస్తున్నాం, మీవాళ్లను పంపిస్తారా?" అని. 'కోయిస్తున్నాం' అనగానే నాకు టెన్షన్.

అపోహ: బ్రష్ కట్టర్ పెట్టి కోసేస్తే శుభ్రం.

వాస్తవం: డబ్బూ శ్రమా ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. మొదలు నేలలో ఉందంటే పక్క కొమ్మలు వేస్తుంది, ఈసారి జానెడు ఎత్తులోనే పూస్తుంది. పూత ముదిరాక కోస్తే మరీ ఘోరం. ఒక్కో మొక్క 15 నుంచి 25 వేల గింజలు రాల్చగలదు. వాటిని గట్టు పొడవునా మనమే వెదజల్లినట్టు అవుతుంది. నిరుడు ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు అలాగే గట్టంతా నున్నగా గొరిగించి, గ్రూపులో ఫోటోలు పెట్టుకున్నారు. దసరాకి వెళ్లి చూస్తే ఎటు చూసినా తెల్లపూలే. "ఎవరో గింజలు చల్లిపోయారు సార్" అన్నాడు వాచ్‌మన్. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మొలిచిన నాలుగు వారాల్లోపు, పూత రాకముందే, నేల పదును మీద ఉండగా వేరుతో సహా పీకాలి. రాకపోతే బొరిగెతో మొదలు కింద నుంచి లేపాలి. పూయనివాటిని గుంతలో వేసి కంపోస్టు చేసుకోవచ్చు. పూసినవాటిని మాత్రం సంచిలో మూటకట్టి విడిగా ఉంచండి, కంపోస్టులో కలపొద్దు. రెండు మూడు వారాలకోసారి మళ్లీ అదే చోటికి వెళ్లాలి. నేలలో పడిన గింజ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది మరి. ఖాళీ అయిన చోట తగిరిస అనే మొక్క గింజలు చల్లితే అది గుబురుగా లేచి దీన్ని అణుస్తుంది.

మొన్న ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, "అన్నా, మా పాపకు ఆస్తమా ఉంది. నేను ఇవి పీకి ఇంటికెళ్తే దానికేమైనా అవుతుందా?" అని అడిగింది. అడగడమే మంచిదైంది. ఇది అంటువ్యాధి కాదు, ముట్టుకున్న ప్రతివాళ్లకూ దద్దుర్లు రావు. కానీ మాటిమాటికీ తగిలితే కొందరికి చర్మం మీద ఎలర్జీ వస్తుంది, పుప్పొడి పడనివాళ్లకు తుమ్ములు, ఆయాసం. నిండు చేతుల చొక్కా, గ్లవ్స్, మాస్క్ వేసుకోవాలి. ఇంటికి వెళ్లగానే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతికి, తర్వాతే పాపను ఎత్తుకోమన్నాను. ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం పీకడానికి రావొద్దు. వాళ్లకు నారుమొక్కలకు నీళ్లు పోసే పని ఎప్పుడూ ఉంటుంది.

ఉప్పునీళ్లు కొడితే హాని లేదంటారు. మొక్క మాడేది నిజమే, కానీ లీటరుకు 200 గ్రాముల ఉప్పు గట్టు మట్టిలో, చెరువు పక్కన పోస్తారా?

"పచ్చగానే ఉందిగా, ఉండనీ" అనేవాళ్లు వయ్యారిభామ కమ్మేసిన ఆ గట్టు మీద గరిక ఎక్కడుందో చూపించాలి.

  

వయ్యారిభామ ఆకుల మీద లేత పసుపు రెక్కలు, ముదురు వంకర గీతలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే కంగారుపడి మందు కొట్టించొద్దు. ఈ కలుపును తినడానికే 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికన్ బీటిల్ అది. వానాకాలంలో మన పనిలో కొంత అదే చేసిపెడుతోంది.