ఎఫ్ 8 దగ్గర రెండూ ఒకటే

రెండూ 50 మిల్లీమీటర్ల లెన్సులే. రెండూ కానన్ వాళ్లవే, ఒకే కెమెరాకు పడతాయి. ఒకటి ఆర్‌ఎఫ్ 50 ఎఫ్ 1.8. బరువు 160 గ్రాములు, చొక్కా జేబులో వేసుకోవచ్చు. రెండోది ఆర్‌ఎఫ్ 50 ఎఫ్ 1.2 ఎల్, మూతి దగ్గర ఎర్ర గీత ఉన్నది. దాని బరువు 950 గ్రాములు. అమెరికాలో విడుదలైనప్పుడు చిన్నదాని ధర 199 డాలర్లు, పెద్దదానిది 2,299 డాలర్లు. పదకొండు రెట్లకు పైమాటే.

పెళ్లిళ్ల ఫొటోలు తీయడం కొత్తగా మొదలుపెట్టిన మా అక్క కొడుకు, అప్పు చేసైనా సరే ఆ ఎర్ర గీత లెన్సే కొంటానని పట్టుబట్టాడు. "దాంతో తీస్తే ఫొటోయే వేరుగా ఉంటుంది మామయ్యా" అన్నాడు. ఆ మాట అబద్ధమేమీ కాదు. ఎప్పుడు వేరుగా ఉంటుంది, ఎందుకు ఉంటుంది అన్నది తెలుసుకోకుండా అంత అప్పు నెత్తికెత్తుకుంటాడేమోనన్నదే నా టెన్షన్.

ముందు ఆ అంకెల సంగతి. ఎఫ్ పక్కనున్న అంకెతో 50ని భాగించాలి, ఆ అంకె పెరిగేకొద్దీ దారి ఇరుకవుతుంది. 50ని 1.8తో భాగిస్తే సుమారు 28. అంటే లెన్సులోకి వెలుగు వచ్చే దారి (అపెర్చర్) 28 మిల్లీమీటర్ల వెడల్పు. 50ని 1.2తో భాగిస్తే సుమారు 42. వెడల్పు ఒకటిన్నర రెట్లే పెరిగింది కానీ వైశాల్యం 2.25 రెట్లయింది, లోపలికి వచ్చే వెలుగూ అంతే. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం, మండపంలో వెలుతురు అంతంతమాత్రం, వధూవరులు పోటీపడి తలంబ్రాలు పోసుకుంటున్నారు అనుకోండి. చిన్న లెన్సుతో షట్టర్ సెకనులో 100వ వంతు తెరవాల్సిన చోట, పెద్దదానితో 225వ వంతు చాలు. గాలిలో ఉన్న బియ్యపు గింజ గీతలా సాగిపోకుండా గింజలా కనబడటానికి ఆ తేడా బాగా పనికొస్తుంది.

దారి వెడల్పు చేయడానికి అంత ఖర్చెందుకు? గాజును గుండ్రంగా అరగదీయడం సులువు. కానీ గోళాకారపు కటకం అంచు నుంచి వచ్చే కిరణాలు, నడిమి నుంచి వచ్చే కిరణాలు ఒకే చోట కలుసుకోవు. అంచు కిరణాలు కాస్త ముందే కలిసిపోతాయి. చుక్కగా పడాల్సిన వెలుగు మసకగా పరుచుకుంటుంది. దీన్నే గోళీయ విపథనం అంటారు. మిగతావన్నీ అలాగే ఉంచి దారి వెడల్పు మాత్రం పెంచితే, ఈ మసక ఘనం లెక్కన పెరుగుతుంది. ఒకటిన్నర రెట్ల వెడల్పుకు దాదాపు 3.4 రెట్ల మసక! రెండుంపావు రెట్ల వెలుగు కోసం అంత దోషాన్ని తెచ్చుకుని, మళ్లీ దాన్ని సరిదిద్దుకోవాలి. అందుకే చిన్న లెన్సులో 6 గాజు ముక్కలుంటే పెద్దదానిలో 15 ఉన్నాయి.

ముక్కలు పెరిగితే ఇంకో చిక్కు. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. 1896లో జర్మనీలోని జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన ప్లానార్ లెన్సుకు వచ్చిన కష్టం ఇదే. నేటి చౌక 50 లెన్సుల్లో చాలావాటికి అదే పూర్వీకుడు. గాలికి తగిలే ఎనిమిది ఉపరితలాల దగ్గర నాలుగో వంతుకు పైగా వెలుగు దారి తప్పేది, బొమ్మ వెలిసిపోయినట్టు వచ్చేది. 1935లో అదే సంస్థలో అలెగ్జాండర్ స్మకులా గాజు మీద అతి పలుచని పూత వేసే పద్ధతి కనిపెట్టాకే ఆ డిజైన్‌కు మంచిరోజులు వచ్చాయి. మన ఎర్ర గీత లెన్సులో అలాంటి ఉపరితలాలు 18. పూతలే లేకపోతే అందులో సగం వెలుగు కూడా నేరుగా అవతలికి చేరదు.

నన్ను ఎక్కువ ఆకట్టుకునేది మాత్రం గోళాకారం కాని కటకాల కథ. అంచు దగ్గర వంపును కాస్త మార్చి చెక్కితే, కొన్ని మామూలు ముక్కలు కలిసి చేసే దిద్దుబాటును ఒక్కటే చేసేయగలదు. 1966లో లైకా కెమెరాలకు వచ్చిన నాక్టిలక్స్ 50 ఎఫ్ 1.2 లెన్సులో అలాంటి ఉపరితలాలు రెండున్నాయి. రెండూ చేత్తో అరగదీసినవే. అప్పట్లో అది సంపన్నుల సొత్తు. ఇవాళ మన చిన్న లెన్సులోనూ అచ్చులో పోసిన అలాంటి ప్లాస్టిక్ కటకం ఒకటుంది. అందుకే మామూలు లెన్సంటే నాకు చిన్నచూపు లేదు. నిన్నటి ఖరీదైన విద్య ఎంతో దిగివచ్చి అందులో కూర్చుంది.

ఇప్పుడు రెండు లెన్సులనూ ఎఫ్ 8కి పెట్టండి. రెండు లెన్సుల్లోనూ దారి ఆరు మిల్లీమీటర్ల చిల్లరకు కుంచించుకుపోతుంది. అల్లరి చేసే అంచు కిరణాలకు లోపలికి ప్రవేశమే ఉండదు. మిగిలేది వివర్తనం. సన్న సందులోంచి దూరే వెలుగు కొంచెం విచ్చుకునే తీరుతుంది. ఎఫ్ 8 దగ్గర ఒక చుక్క సుమారు 11 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బిళ్లగా పడుతుంది, ఎఫ్ 16 దగ్గర 21 మైక్రాన్లకు పైగా. పెద్ద సెన్సరుండే 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో పిక్సెల్ వెడల్పు 6 మైక్రాన్లు, అంటే ఎఫ్ 8 బిళ్ల దాదాపు రెండు పిక్సెళ్లంత. ఈ విచ్చుకోవడం వెలుగు స్వభావం. ఎంత డబ్బు పెట్టినా ఏ కంపెనీ దాన్ని ఆపలేదు.

మావాడిని వెంటబెట్టుకుని హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లాను. అద్దెకు తెచ్చిన పెద్ద లెన్సు, సొంత చిన్న లెన్సు, ఒకే స్టాండు. ఎఫ్ 8 దగ్గర తీసిన రెండు ఫొటోలను కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూపిస్తే ఏది దేనిదో వాడు చెప్పలేకపోయాడు. రెంటినీ ఎఫ్ 1.8 దగ్గర పెట్టి తీసినవి చూపగానే క్షణంలో చెప్పాడు. మూలల్లోని చెక్కడాలు ఒకదానిలో కోసినట్టున్నాయి, రెండోదానిలో మెత్తబడ్డాయి.

పూర్తిగా తెరిచి తీయడానికీ ఒక హద్దుంది. మీటరు దూరంలోని ముఖాన్ని ఎఫ్ 1.2తో తీస్తే స్పష్టంగా ఉండే లోతు మూడు సెంటీమీటర్ల లోపే. కన్ను నీటుగా వస్తే చెవి మసకబారుతుంది. ఒక్కరి ఫొటోకు అది అందం, వరుసగా నిలబడ్డ బంధువులకు పనికిరాదు. వాళ్లకు ఎఫ్ 5.6 కావాల్సిందే. ఇక దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా వేసే రబ్బరు సీళ్లంటారా, మంగళస్నానాల్లో పసుపు నీళ్లు చిమ్మే చోట వాటికి డబ్బు పెట్టడం న్యాయమే. కెమెరాకూ అలాంటి సీళ్లు ఉంటేనే సుమా.

కొత్త లెన్సు ఏది కొన్నా ఒక పరీక్ష చేయండి. దినపత్రిక పేజీని గోడకు అంటించి, దానికి ఎదురుగా కెమెరాను నిటారుగా బిగించి, పూర్తిగా తెరిచిన అపెర్చర్‌తో ఫొటో తీయండి. నాలుగు మూలల్లో ఒక్క మూలలోనే అక్షరాలు బాగా చెదిరితే లోపల ఏదో గాజు పక్కకు జరిగి బిగిసి ఉండొచ్చు. ఖరీదైన లెన్సుల్లోనూ ఇది జరుగుతుంది. దుకాణంలో మార్చుకునే గడువు దాటకముందే చూసుకోవాలి.

మావాడు చివరికి చిన్న లెన్సునే ఉంచుకుని, ఉన్న డబ్బుతో రెండు మంచి ఫ్లాష్ లైట్లు కొన్నాడు. రాత్రి ముహూర్తం ఒప్పుకున్నప్పుడు మాత్రం ఎర్ర గీత లెన్సును ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకుంటున్నాడు.