లెక్కల్లో వెనకబడ్డ పిల్లలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: రెండో తరగతికి వచ్చాక వేళ్ళ మీద లెక్కపెట్టనివ్వకూడదు.

నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఇదే. "ఇంకా వేళ్ళే లెక్కపెడుతున్నాడండీ, తిట్టినా మానడం లేదు" అంటారు. ఎలా మానతాడు? వేళ్ళు లాగేసుకుంటే వాడి చేతిలో ఇంకే పద్ధతీ లేదు. వద్దంటే పిల్లలు చాటుగా లెక్కపెడతారు, బల్ల కిందో, బూట్లలో కాలివేళ్ళతోనో. ఒక పాపయితే నాలుకతో పళ్ళు తడుముకుంటూ కూడికలు చేసేది. మధ్యలో లెక్క తప్పేది, ఇంట్లో మళ్ళీ తిట్లు.

వాస్తవం: ఆరేడేళ్ళ పిల్లలు వేళ్ళు వాడటం సహజం. ఎలా వాడుతున్నారో గమనించండి చాలు. 6+3 ఇచ్చి చూడండి. ఆరు వేళ్ళు, ఇంకో మూడు తెరిచి, మళ్ళీ ఒకటి నుంచి అన్నీ లెక్కపెడితే అది తొలి మెట్టు. ఆరు మనసులో ఉంచుకుని "ఏడు, ఎనిమిది, తొమ్మిది" అంటే ఒక మెట్టు ఎక్కినట్టే. ఆ తర్వాత ఆరంటే ఒక చెయ్యీ ఒక వేలూ అని లెక్కపెట్టకుండానే చూపించడం నేర్పాలి. అది కుదిరాక 8+5లో ఐదులోంచి 2 తీసి ఎనిమిదికిచ్చి పది చెయ్యడం, మిగిలిన 3 కలపడం. అక్కడికి వచ్చేసరికి చాలామంది వేళ్ళు వాళ్ళంతట వాళ్ళే వదిలేస్తారు.

ఒక బాబు నోట్‌బుక్ నిండా ఎర్ర ఇంకు, "అజాగ్రత్త" అన్న మాట. 8+3=10, 6+4=9, 7+2=8. ప్రతి జవాబూ సరిగ్గా ఒకటి తక్కువ! అజాగ్రత్తగా చేసేవాడు ఇంత క్రమంగా తప్పు చేస్తాడా? చేసి చూపించమన్నాను. మొదటి వేలు తెరుస్తూ "ఎనిమిది" అన్నాడు, తర్వాత తొమ్మిది, పది. మొదలుపెట్టిన అంకెనే మళ్ళీ లెక్కపెడుతున్నాడు. ఎనిమిది అంటూ తల తట్టుకుని, మొదటి వేలికి తొమ్మిది అనమన్నాను. కొద్ది రోజుల్లో సర్దుకుంది. అంతకుముందు ఎలా చేశావని వాణ్ణి ఎవరూ అడగలేదు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. "ఎక్కాలు వస్తే లెక్కలు వచ్చినట్టే." ఎక్కాలు కావాలి, సరే. కానీ 6×4 ఇరవై నాలుగని తెలిసినా, దానికి ఇంకో 4 కలిపితే 7×4 వస్తుందని తోచకపోతే అది వట్టి పాట. "టైం పెడితే చురుకవుతారు." వెనకబడ్డ పిల్లలకు గడియారం టెన్షనే పెంచుతుంది, వచ్చింది కూడా మర్చిపోతారు. "మా వంశంలోనే లెక్కలు లేవు." దయచేసి పిల్లల ముందు ఈ మాట అనకండి. "పై తరగతికి వెళ్తే అదే వస్తుంది." 42−17కి 35 రాసే పిల్లకు స్థానవిలువ (పదులు, ఒకట్లు) అర్థం కాలేదు, 2లోంచి 7 పోదని 7లోంచి 2 తీసేసింది. ఇంకో పది వర్క్‌షీట్లు ఇస్తే అదే తప్పు బాగా సాధన అవుతుంది. పుల్లలు పదేసి కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పించండి.

ఇక డిస్కాల్క్యులియా, అంటే అంకెలూ లెక్కలూ పట్టుబడటమే కష్టమయ్యే నేర్చుకునే ఇబ్బంది. అది నిజంగా ఉంది. కానీ వేళ్ళు వాడినంత మాత్రాన ఉన్నట్టు కాదు. ఓపికగా నేర్పినా తొమ్మిదేళ్ళప్పటికి 8, 5లలో ఏది పెద్దదో చెప్పడానికి తడుముకుంటుంటే, ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించి, ఆపైన నిపుణుల్ని కలవండి. వెళ్ళేటప్పుడు మార్కుల కాగితాలతో పాటు రఫ్ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్ళండి. కొట్టేసిన అంకెలు, పక్కన గీసుకున్న గీతలు అన్నీ అందులోనే ఉంటాయి.