టీచింగ్ ప్రాక్టీస్: వెళ్లకముందు నేను నమ్మిన అపోహలు, క్లాసులో తేలిన వాస్తవాలు

టీచర్ ట్రైనింగ్‌లో భాగంగా నన్ను రెండో తరగతికి పంపారు. వెళ్లేముందు తలా ఒక సలహా ఇచ్చారు. అందులో సగం నేనూ నమ్మాను కాబట్టి ఎవరినీ తప్పుపట్టడం లేదు.

అపోహ: చిన్న క్లాసులే కదా, చెప్పడానికి ఏముంటుంది?

వాస్తవం: రెండంకెల తీసివేతలు వచ్చేదాకా నేనూ ఇదే అనుకున్నాను. 52లోంచి 27 తీసేయమంటే ఒక పాప 35 వేసింది. ఇంటూ పెట్టాను. 61లోంచి 34 తీసేస్తే 33 అంది. మళ్లీ ఇంటూ. 80లోంచి 46 పోతే 46 అట. మూడో ఇంటూ పెడుతుంటే మెంటార్ టీచర్ (నాకు దారి చూపే సీనియర్ టీచర్) వచ్చి, "ఎలా చేసిందో అడిగావా?" అన్నారు. అడగలేదు. అప్పుడు అడిగితే, ఆ పాప ఒకట్ల స్థానంలో వేలుపెట్టి, "ఏడులోంచి రెండు పోతే ఐదు. ఎప్పుడూ పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని మీరే చెప్పారు కదా టీచర్" అంది.

నిజమే, చెప్పింది నేనే. ఒక అంకె తీసివేతలప్పుడు, తేలిగ్గా గుర్తుంటుందని అలా చెప్పేశాను. పాప నా మాట తు.చ. తప్పకుండా పాటించింది, నేను దానికే మూడు ఇంటూలు పెట్టాను. మర్నాడు పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు దాని ముందు పెట్టి 27 తీయమన్నాను. కాసేపు విడి పుల్లల వంక చూసి, ఒక కట్టకున్న రబ్బరు బ్యాండ్ తనే లాగేసింది. అప్పు తెచ్చుకోవడం గురించి నేను బోర్డు మీద చెప్పిన దానికన్నా ఆ రబ్బరు బ్యాండ్ ఎక్కువ చెప్పింది.

అపోహ: గొంతుంటే క్లాసు కంట్రోల్లో ఉంటుంది.

వాస్తవం: మొదటి వారంలోనే నా గొంతు బొంగురుపోయింది, గోల మాత్రం తగ్గలేదు. జాకబ్ కూనిన్ అనే పరిశోధకుడు క్లాసులను వీడియో తీసి పరిశీలించి, 1970లో ఫలితాలు ప్రచురించాడు. అల్లరి మొదలయ్యాక టీచర్ ఎలా మందలించారన్న దాన్నిబట్టి పెద్దగా తేడా కనిపించలేదు. అల్లరి పుట్టకముందే పసిగట్టడం, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి సాఫీగా తీసుకెళ్లడం, వీటి దగ్గరే తేడా తేలింది. నా క్లాసులో గోలంతా నోట్‌బుక్కులు పంచే ఆ నాలుగు నిమిషాల్లోనే పుట్టేది. మెంటార్ టీచర్ పిల్లలు లోపలికి రాకముందే బోర్డు మీద చిన్న పని రాసి ఉంచేవారు. పుస్తకాలు వరుసకొకరు పంచేవారు. రాసేటప్పుడు కూడా క్లాసుకు పూర్తిగా వీపు పెట్టకుండా, కాస్త పక్కకు తిరిగి నిలబడేవారు. నేను అలా నిలబడి రాస్తే మొదట్లో అక్షరాలు వంకరపోయేవి, పోనీలే అనుకున్నాను.

అపోహ: జవాబు రాకపోతే వెంటనే ఇంకొకరిని అడగాలి, లేకపోతే క్లాసు చప్పబడుతుంది.

వాస్తవం: ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే గమనించింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, "తెలీదు" అనేవాళ్లు తగ్గుతారు. చెప్పుకోవడానికి చిన్న విషయమే కానీ ముప్ఫై మంది చూస్తుంటే మూడు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో నిలబడితే తెలుస్తుంది. నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. ఎప్పుడూ నోరు విప్పని ఒక బాబు ఐదో అంకె దగ్గర "ఆవిరి" అన్నాడు. సరైన జవాబే. అంతకుముందు ఎన్నిసార్లు నాలుగో అంకె దగ్గర వాణ్ణి దాటిపోయానో!

అపోహ: లెసన్ ప్లాన్ పక్కాగా రాస్తే పాఠం దానంతట అదే నడుస్తుంది.

వాస్తవం: నలభై నిమిషాలకు రాసింది ఒకరోజు పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఇంకోరోజు పాఠం మధ్యలో ఒకడికి పాలపన్ను ఊడింది. మిగతా పీరియడ్ దానిదే. ప్లాన్ రాయొద్దని కాదు, చివర్లో "టైం మిగిలితే" అని ఒక లైను, "టైం చాలకపోతే" అని ఇంకో లైను రాసుకోండి.

అపోహ: వెనక కూర్చుని పాఠాలు చూడటం టైం వేస్ట్. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవేగా!

వాస్తవం: చిక్కంతా అక్కడే ఉంది. స్కూలు చదువు ముగిసేసరికి ఒక విద్యార్థి దాదాపు 13,000 గంటలు టీచర్లను చూసి ఉంటాడని డాన్ లార్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో లెక్కగట్టాడు. అయితే అదంతా బెంచీ మీంచి చూసింది. టీచర్ ఆ ప్రశ్న ఎందుకు వేసిందో, ఎవరిని ఎందుకు వదిలేసిందో అక్కణ్ణుంచి కనబడదు. నేను టీచర్‌ని చూడటం మానేసి ఒకే పాపను పీరియడంతా చూశాను. పెన్సిల్ ఏడుసార్లు చెక్కింది, ఒక్క వాక్యం రాసింది. ఎవరూ గమనించలేదు, ఎందుకంటే ఆ పాప అల్లరి చేయదు.

అపోహ: మెంటార్ మన గురించి రాసేవన్నీ తప్పులే.

వాస్తవం: చాలావరకు తప్పులే, టెన్షన్ కూడా నిజమే. కానీ అవి మనకు కనబడనివి. చివరి రోజు నా రికార్డులో ఆవిడ రాసింది ఒకే లైను: "కిటికీ పక్క బెంచీని ఈరోజు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు." పాఠం మొదటి నుంచీ గుర్తు తెచ్చుకున్నాను. అడగలేదు.