పిల్లల క్యాన్సర్‌కు వేరే డాక్టరు ఎందుకు? చెన్నై నేపథ్యం

నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో బిడ్డను ఎత్తుకుని చెన్నై చేరిన అమ్మానాన్నలకు ఒక సందేహం సహజంగానే వస్తుంది: ‘మా ఊళ్లో పిల్లల డాక్టరుగారు ఉన్నారు కదండీ, మళ్లీ ఇంకొకరు ఎందుకు?’

కథ మనవాడితోనే మొదలైంది. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మంది తేరుకున్నారని 1948లో ప్రకటించారు. కానీ జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఒక్క మందుతో ఇది లొంగదని అప్పుడే తెలిసింది.

చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదలతో వెలిసింది. 1984లో ఇక్కడ మెడికల్ ఆంకాలజీలో (మందులతో చేసే క్యాన్సర్ వైద్యంలో) డీఎం, అంటే ఎండీ తర్వాత చదివే సూపర్ స్పెషాలిటీ కోర్సు, మొదలైంది. ముంబై టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్‌లతో కలిసి పిల్లల ల్యుకేమియాకు ఎంసీపీ-841 అనే, పలు మందుల చికిత్సా క్రమాన్ని చేపట్టిందీ ఆ కాలంలోనే. అంతకుముందు ఐదుగురిలో ఒకరు నిలవడమే గగనంగా ఉన్న చోట, జబ్బు తిరగబెట్టకుండా నిలిచినవారు సుమారు 40 నుంచి 60 శాతానికి చేరారు. అయితే కొందరు పిల్లలను తీసుకెళ్లింది క్యాన్సర్ కాదు, చికిత్స మధ్యలో సోకిన ఇన్ఫెక్షన్. ప్రత్యేక శిక్షణ అవసరం అక్కడే బయటపడిందని మా అభిప్రాయం.

ఇప్పుడు పిల్లల రక్త జబ్బులు, క్యాన్సర్ వైద్యం నేర్వాలంటే పిల్లల వైద్యంలో ఎండీ తర్వాత ఎఫ్‌ఎన్‌బీ (నేషనల్ బోర్డు ఫెలోషిప్) అయితే రెండేళ్లు, డీఎం అయితే మూడేళ్లు. రక్త జబ్బులనూ క్యాన్సర్‌నూ కలిపి నేర్పడానికి కారణముంది: చాలా రక్త జబ్బులకూ ల్యుకేమియాకూ పుట్టిల్లు ఎముక మజ్జే, పైకి కనిపించే లక్షణాలూ చాలాసార్లు ఒకేలా ఉంటాయి. పాలిపోయి, కీళ్ల నొప్పులతో వచ్చిన బిడ్డకు మజ్జ పరీక్ష చేయకుండానే స్టెరాయిడ్ ఇచ్చారనుకోండి. ల్యుకేమియా కణాలు కొన్నాళ్లు అణగిపోతాయి, రోగ నిర్ధారణ ఆలస్యమవుతుంది.

చేతికి అలవాటు కావలసినవి మరికొన్ని. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు, న్యూట్రోఫిల్స్, మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గి జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి. రిపోర్టుల కోసం ఆగకూడదు. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు నరంలోకే ఎక్కాలి. మెథోట్రెక్సేట్ అనే మరో మందును మాత్రం వెన్నులోకి కూడా ఇస్తారు. రెండు సిరంజిలూ ఒకే ట్రేలో ఉండి విన్‌క్రిస్టిన్ వెన్నులోకి పోతే బిడ్డ బతకడం దాదాపు అసాధ్యం. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి, వేరే సమయంలో ఎక్కించాలి.

ఇంటికి పంపేటప్పుడూ జాగ్రత్త తప్పదు. మెయింటెనెన్స్‌లో, అంటే జబ్బు తిరగబెట్టకుండా ఇంటి దగ్గర మందులు వాడే చివరి దశలో, మెర్‌కాప్టోప్యూరిన్ మాత్ర రోజూ, మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే. రెండోదాన్ని పొరపాటున రోజూ వేస్తే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తమిళం రాని తల్లికి వారంలో ఏ రోజు వేయాలో తెలుగులో రాసి, ఆమె చేత చదివించుకున్నాకే చీటీ చేతికివ్వాలి.