హుంజా మీర్లు: అపోహలు - వాస్తవాలు

నేటి ఉత్తర పాకిస్తాన్‌లోని కారకోరం కొండల్లో హుంజా నదికి ఉత్తరపు ఒడ్డున ఒకప్పుడు ఉన్న చిన్న సంస్థానం హుంజా. దాని పాలకులైన మీర్ల గురించి చరిత్ర కంటే కథలే ఎక్కువ ప్రచారంలో ఉన్నాయి.

అపోహ: వీళ్లు అలెగ్జాండర్ సైనికుల సంతానం.
వాస్తవం: అక్కడి భాష బురుషస్కీ. గ్రీకుతోనే కాదు, తెలిసిన ఏ భాషా కుటుంబంతోనూ దానికి చుట్టరికం తేలలేదు. ఆ భాష మాట్లాడే బురుషోల మీద జరిగిన జన్యు పరిశోధనల్లోనూ గ్రీకు జాడ కనిపించలేదు. "మీర్" అనేది పర్షియన్ మర్యాదతో వచ్చిన బిరుదు. స్థానికంగా రాజును "థమ్" అనేవారు. గిర్కిస్, మొగ్లోట్ అనే కవలల్లో ఒకరి వంశం హుంజాను, రెండోవారి వంశం ఏటి అవతలి నగర్‌ను ఏలాయని అక్కడి ఐతిహ్యం. రెండు సంస్థానాలకూ తరతరాల పగ ఉండేది, పెళ్లి సంబంధాలూ ఉండేవి.

అపోహ: వారసత్వం కాబట్టి గద్దె పెద్దకొడుక్కి దానంతటదే వచ్చేది.
వాస్తవం: వంశంలో పుట్టడం అర్హత మాత్రమే, హామీ కాదు. 1886లో సఫ్దర్ అలీ తండ్రి ఘజన్ ఖాన్‌ను చంపించి గద్దెనెక్కాడు. అతను 1891లో పారిపోయాక బ్రిటిష్ వాళ్లు సవతి తమ్ముడు నాజిమ్ ఖాన్‌ను కూర్చోబెట్టారు. అతను 1938 దాకా ఏలాడు.

అపోహ: హుంజా చైనాకు సామంత రాజ్యం, అంతే.
వాస్తవం: ఏటా చైనా ఏలుబడిలోని కాష్గర్‌కు పంపిన కప్పం ఒకటిన్నర లియాంగ్ (చైనా తూకం) బంగారు రజను, అంటే సుమారు 56 గ్రాములు. బదులుగా రెండు తానుల పట్టు వచ్చేది. ఇక్కడే ఒక లెక్క తప్పుతుంది. లియాంగ్‌లో పదో వంతు చియెన్, కాబట్టి ఒకటిన్నర లియాంగ్ అంటే 15 చియెన్‌లు. ఆ 15ను అలాగే ఉంచి పక్కన "తులాలు" అని రాస్తే కప్పం మూడు రెట్లు దాటిపోతుంది! నిజానికి దీన్ని కప్పం కంటే వ్యాపారం అనడమే నయం. చైనాకు నమస్కారం పెడుతూనే తఖ్‌దుంబాష్ పామీర్‌లో కిర్గిజ్ కాపరుల దగ్గర పుల్లరి వసూలు చేసుకునేవారు. కశ్మీర్ మహారాజుకూ బంగారు రజనుతో పాటు గుర్రాలు, వేటకుక్కలు వెళ్లేవి. మధ్యలో లేహ్-యార్కండ్ బిడారులను దోచుకోవడం మాత్రం ఆగలేదు.

అపోహ: బ్రిటిష్ వాళ్లతో జరిగిన 1891 యుద్ధం తుపాకుల ముందు అమాయక కొండజాతి ఓటమి.
వాస్తవం: డిసెంబర్ 2న నగర్ వైపున్న నిల్త్ కోట పడింది. కానీ అవతలి కొండ అంచుల మీద కాపు కాసినవాళ్లు బ్రిటిష్ పటాలాన్ని మరో 18 రోజులు కదలనివ్వలేదు. ఆ పటాలాన్ని నడిపిన కల్నల్ డ్యూరాండ్‌కు తగిలిన గుండు సీసపు తొడుగు వేసిన గోమేదికపు రాయి. సీసానికి కొరత ఉన్నచోట తూటా అలాగే తయారవుతుంది.

అపోహ: మీర్ బలం కత్తిలో ఉండేది.
వాస్తవం: కత్తి కంటే నీళ్లలో ఉండేది. వాన తక్కువైన ఆ లోయలో కొత్త పొలం పుట్టాలంటే హిమానీనదం నుంచి కొండ అంచు వెంట కాలువ తవ్వాలి. మనుషులను పోగుచేయగలిగేది మీర్, వజీర్, ఊరి పెద్దలు. వంపు కాస్త ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది, తక్కువైతే మంచు నీటితో వచ్చే ఒండ్రు పేరుకుంటుంది. విత్తుల పండుగ బోఫావ్ మన ఏరువాక లాంటిదే: మీర్ బార్లీ గింజల్లో బంగారు రజను కలిపి మొదటి విత్తు చల్లేవాడు.

అపోహ: అక్కడ అందరూ 120 ఏళ్లు బతికేవారు.
వాస్తవం: పుట్టిన తేదీల రికార్డులే లేవు. మీర్ అతిథులు చూసింది మీర్ విస్తరి. కొత్త బార్లీ కోతకు ముందు వసంతంలో గాదెలు ఖాళీ అయి మామూలు ఇళ్లు అర్ధాకలితో గడిపేవి.

అపోహ: 1947తో మీర్ల పాలన ముగిసింది.
వాస్తవం: ఆ ఏడాది నవంబర్‌లో మీర్ జమాల్ ఖాన్ పాకిస్తాన్‌లో చేరాడు, పాలన మాత్రం 1974లో రద్దయ్యేదాకా సాగింది. పాత నివాసం బాల్తిత్ కోటను మరమ్మతు చేసి 1996లో మ్యూజియంగా తెరిచారు. జమాల్ ఖాన్ కొడుకు ఘజన్‌ఫర్ అలీ ఖాన్ 2015లో గిల్గిత్-బల్తిస్తాన్ గవర్నర్ అయ్యాడు. అది వారసత్వం కాదు, నియామకం.