అప్పీలుదారు మరణిస్తే పన్ను అప్పీలు ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: అప్పీలు వేసిన మనిషే పోయాక కేసు కూడా పోయినట్టే.

వాస్తవం: ఆదాయపు పన్ను విషయంలో ఇది ముమ్మాటికీ తప్పు. 2026 ఏప్రిల్ 1కి ముందు మొదలైన పన్ను సంవత్సరాలకు వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 159వ సెక్షన్ ప్రకారం, మృతుడిపై అప్పటికే మొదలైన ప్రొసీడింగ్స్ ఆయన మరణించేనాటికి ఏ దశలో ఉన్నాయో ఆ దశ నుంచే చట్టబద్ధ వారసులపై కొనసాగుతాయి. ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ 1963 నిబంధనల్లోని 26వ నిబంధన కూడా మరణంతో అప్పీలు రద్దు కాదనీ, వారసులు దానిని నడుపుకోవచ్చనీ చెబుతోంది. అయితే వారసులు ముందుకు రాకపోతే అది నడవదు. మరణ ధ్రువీకరణ పత్రాన్ని, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం వంటి వారసత్వ ఆధారాన్ని జతచేసి, వారసుల పేర్లతో సవరించిన ఫారం 36ను (ఈ ట్రిబ్యునల్‌కు అప్పీలు వేసే ఫారం) దాఖలు చేయాలి.

అపోహ: పాత వకాల్తా ఫైల్లో ఉంది కాబట్టి వకీలే చూసుకుంటారు.

వాస్తవం: ఇచ్చిన వ్యక్తి మరణంతోనే ఆ అధికారం ముగుస్తుంది. వారసులు కొత్తగా సంతకం చేసి ఇవ్వాలి.

అపోహ: ఏ పన్నుకైనా, ఏ కోర్టులోనైనా పద్ధతి ఒక్కటే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. కస్టమ్స్, సెంట్రల్ ఎక్సైజ్, సర్వీస్ ట్యాక్స్ అప్పీళ్లు వినే సెస్టాట్ అనే ట్రిబ్యునల్‌లో 1982 నాటి నిబంధనల్లోని 22వది పైన చెప్పిన ఆదాయపు పన్ను పద్ధతికి పూర్తిగా విరుద్ధం: మరణించిన నాటి నుంచి 60 రోజుల్లోగా కొనసాగింపు కోరుతూ దరఖాస్తు పెట్టకపోతే అప్పీలు రద్దవుతుంది. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ గడువు పొడిగించవచ్చు గానీ, కర్మకాండల హడావిడిలో ఫైలు సంగతే ఎవరికీ గుర్తుండదు. ఇక హైకోర్టులో ఆదాయపు పన్ను అప్పీలుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ వర్తిస్తుంది కనుక, వారసులను రికార్డులోకి తెచ్చే గడువు 90 రోజులు.

అపోహ: అప్పీలు ఓడిపోతే వారసులు సొంత జేబులోంచి కట్టాలి.

వాస్తవం: వారసుల బాధ్యత మృతుడి ఆస్తి ఎంతవరకు సరిపోతుందో అంతవరకే. కాకపోతే, బకాయి తీరకముందే ఆ ఆస్తిని అమ్మినా, తాకట్టు పెట్టినా, ఆ మేరకు వారసుడే వ్యక్తిగతంగా బాధ్యుడవుతాడు. కాబట్టి అప్పీలు తేలకముందే ఇల్లు అమ్మి వాటాలు పంచుకోవాలనుకునే కుటుంబం, డిమాండు నోటీసులో ఉన్న మొత్తాన్ని ముందుగా పక్కన పెట్టుకోవడం మంచిది.