గిఫ్టు విప్పిన తర్వాత

డిసెంబర్ రెండో వారం దాటిందంటే పర్లాకిమిడి బజారులో ఫ్యాన్సీ షాపుల ముందు గిఫ్టు పేపర్ చుట్టలు బారులు తీరతాయి. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు, ఎండ తగిలితే కళ్లు చెదిరేటట్టు మెరిసేవి. ఒడిశాలోని ఈ గజపతి జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే. కొండల మీది సవర గిరిజనుల ఊళ్ల నుంచి, వంశధార ఒడ్డున ఉన్న కాశీనగర్ వైపు నుంచి క్రిస్మస్ పండగ సరుకు కోసం జనం వస్తారు. తెలుగు, ఒడియా, సవర మూడూ ఒకే కొట్లో వినిపిస్తాయి. పిల్లలకు కొత్త బట్టలు, చర్చి యూత్‌లో చీటీలు తీసి ఇచ్చుకునే చిన్న చిన్న గిఫ్టులు, పాస్టరుగారి ఇంటికి కేకు. ఇందులో చాలా భాగం ఆ మెరుపు కాగితంలోనే ఇళ్లకు చేరుతుంది. 25న చిరుగుతుంది, 26 ఉదయానికి కాలవలో తేలుతుంది.

కాగితమే కదా, నాలుగు వానలకు మట్టిలో కలిసిపోతుందని అనుకుంటాం. కానీ బాగా మెరిసే రకాల్లో చాలావాటికి కాగితంతో సంబంధమే లేదు. గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి, పల్చటి పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ ఫిల్మ్ మీద పట్టిస్తారు. ఆ లోహపు పూత మందం తల వెంట్రుకలో సుమారు వెయ్యో వంతు. మెరుపంతా ఆ పూతది, మిగిలిందంతా ప్లాస్టిక్. కొన్ని రకాల్లో అడుగున కాగితం ఉన్నా, దానికి ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. మట్టిలో సూక్ష్మజీవులు కాగితాన్ని తింటాయి గానీ ఆ పొర జోలికి పోవు.

ఏది ఏదో కనిపెట్టడం తేలికే. చిన్న ముక్కను పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి. ముద్దగా ఉండిపోతే కాగితం, మెల్లగా విచ్చుకుంటే ప్లాస్టిక్. మా వీధికి వచ్చే పాత సామాన్ల అతను కూడా ఇదే చేస్తాడు. అట్టపెట్టెల మీది టేపు గోటితో లాగేస్తాడు, పాత నోటుబుక్కుల అట్టలు చింపి వేరే పెడతాడు, మెరుపు కాగితం చేతికి రాగానే ఒక్కసారి నలిపి పక్కన పడేస్తాడు. "ఇది తూకానికి రాదమ్మా, పొయ్యిలో పెట్టుకోండి" అంటాడు. మొదటి మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మాట ఎందుకు నిజమో తెలియాలంటే కాగితం ఎలా తయారవుతుందో కొంచెం చూడాలి.

మనకు దగ్గర్లోనే, రాయగడ పక్కన జేకేపూర్‌లో, 1960ల నుంచి పెద్ద పేపర్ మిల్లు నడుస్తోంది. ఇటు ఒడిశా రైతులు, అటు ఆంధ్ర రైతులు పెంచిన సరుగుడు, నీలగిరి కర్ర అక్కడికి వెళ్తుంది. కర్రను ముక్కలు కొట్టి, రసాయనాలతో ఉడికించి, అందులోని నారపోగులను విడదీస్తారు. ఆ పోగులను నీళ్లలో కలిపి పల్చగా పరిచి ఆరబెడితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అదే కాగితం. నీళ్లు పోతే పట్టుకున్నవి, నీళ్లు తగిలితే మళ్లీ విడిపోతాయి. పాత కాగితం మళ్లీ గుజ్జు కావడం వెనక ఉన్న సూత్రం ఇంతే. వాడిన కొద్దీ పోగులు పొట్టివైపోతాయి కాబట్టి ఒక్కో పోగు సుమారు 5 నుంచి 7 సార్లే పనికొస్తుంది. ప్లాస్టిక్ పొర అతికిస్తే ఆ అవకాశమూ పోతుంది. గుజ్జులో పేలికలుగా తేలి జల్లెళ్లకు అడ్డం పడుతుంది. సెలోటేపు జిగురు, మెరుపు పొడి (గ్లిట్టర్) కూడా అంతే. అందుకే తూకానికి రాదు.

ఇక పొయ్యిలో పెట్టడం. ఇది అసలు చేయకూడని పని. శీతాకాలం రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందనే ఉండిపోతుంది. పైనున్న వెచ్చటి గాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. చుట్టూ కొండలున్న మన ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. తెల్లవారుజామున పొగ నడుము ఎత్తులో తేలుతూ ఉండడం చూసే ఉంటారు. అదే పొగను ఇంట్లో పసిబిడ్డా, ఉబ్బసం ఉన్న తాతా పీలుస్తారు. కుప్పలో పీవీసీ రకం ప్లాస్టిక్ కలిస్తే డయాక్సిన్ల వంటి విషాలు కూడా పుడతాయి. బయట చెత్త తగలబెడితే రూ.5,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే చెప్పింది.

కాల్చకుండా కాలవలో వదిలేస్తే? మన కాలవలు మహేంద్రతనయ నదిలోకి, వంశధారలోకి పోతాయి. వంశధార శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారి పొడవునా ఎండకీ రాపిడికీ ఫిల్మ్ ముక్కలై, ఆ ముక్కలు ఇంకా చిన్నవై, చేపల పొట్టల్లోకి చేరతాయి. పైకి గంజాం తీరంలో, ఋషికుల్య నది ముఖం దగ్గర, గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలంలోనే ఒడ్డుకు దగ్గరవుతాయి. మెరుపు పొడి అయితే ముక్కలు కావాల్సిన పని కూడా లేదు, కొన్నప్పుడే సూక్ష్మ ప్లాస్టిక్. ఐరోపా యూనియన్ 2023 అక్టోబరులో విడి ప్లాస్టిక్ మెరుపు పొడి అమ్మకాన్ని ఆపింది అందుకే.

మరి దేనిలో చుట్టాలి? నన్నడిగితే చేనేత తువ్వాలు. మూట కట్టి ముడి వేస్తే టేపు అక్కర్లేదు, తువ్వాలు కూడా గిఫ్టులో భాగమే అవుతుంది. లేదా పాత న్యూస్‌పేపరు, పైన పురికొస. చూడ్డానికి బాగోదని టెన్షన్ పడేవాళ్లకు ఒక మంచి వార్త. అమెరికాలో నెవాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే విషయం మీద ప్రయోగాలు చేశారు. స్నేహితుల నుంచి వచ్చినప్పుడు, అందంగా చుట్టినదాని కన్నా గజిబిజిగా చుట్టిన గిఫ్టే ఎక్కువ నచ్చింది. చుట్టడం మరీ అందంగా ఉంటే లోపల ఏదో గొప్పది ఉందని ఆశ పెరుగుతుంది, విప్పాక ఆ ఆశ నిలవదు. పెద్ద పరిచయం లేనివాళ్ల విషయంలో మాత్రం ఇది తిరగబడింది.

ఇంతా చెప్పాక ఒక మాట. పైన చుట్టే కాగితం కొన్ని గ్రాములే. నీళ్లు, కరెంటు, డీజిల్ చాలావరకు ఖర్చయ్యేది లోపలి వస్తువు మీదే, అదీ మన చేతికి రాకముందే. మన పండగ గిఫ్టుల్లో పెద్దపీట బట్టలది. ఒక నూలు టీషర్టు వెనక ప్రపంచ సగటున సుమారు 2,700 లీటర్ల నీళ్లు ఉంటాయని లెక్క. రాయగడ వైపు వానాధారంగా పండే పత్తికి అందులో ఎక్కువ భాగం వాననీరే కావచ్చు, అయినా రంగుల అద్దకం, రవాణా ఉండనే ఉన్నాయి. పాలియెస్టర్‌కు పత్తికి పట్టినన్ని నీళ్లు అక్కర్లేదు గానీ అది పెట్రోలియం నుంచి వస్తుంది, ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు రాలుస్తుంది.

ఈ ఖర్చును తగ్గించే ఉపాయం ఎక్కువసార్లు తొడగడమే. 20 సార్లు తొడిగి పక్కన పడేసే గౌనుతో పోలిస్తే, 60 సార్లు తొడిగిన గౌను మీద ప్రతిసారికీ పడే భారం మూడో వంతే. ఎదిగే పిల్లలకు కుట్టించేటప్పుడు లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదిలి, అంచు మడిచి కుట్టమని టైలరుకు చెప్పడం మన అమ్మలకు బాగా తెలిసిన పని. వచ్చే ఏడు ఆ మడత విప్పితే గౌను మళ్లీ మోకాళ్ల కిందికి వస్తుంది. ఆ తర్వాత చెల్లికి. తళుకులు అతికించిన రెడీమేడ్ గౌనుకు ఈ వీలు ఉండదు. రెండు ఉతుకులకే తళుకులు రాలిపోతాయి, పిల్ల ఒళ్లు గీరుకుంటుందని మూల పడేస్తాం.

బ్యాటరీ బొమ్మల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మ కొనకండి, 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. గుండీ బ్యాటరీ పెట్టే అరకు స్క్రూ ఉందో లేదో చూడండి, ఎందుకంటే పసివాళ్లు మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇరుగుపొరుగుకు కేకు, అరిసెలు, జంతికలు పంచడం మన క్రిస్మస్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఈ మధ్య అదీ థర్మోకోల్ ప్లేటులో, పైన ప్లాస్టిక్ కవరు బిగించి వెళ్తోంది. థర్మోకోల్ ప్లేట్ల మీద దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. వాటి అవసరం మనకు లేనే లేదు. మన కొండల్లో అడ్డాకు ఉంది. ఒక్కో ఆకు అరచేతికి రెండింతలు, వెదురు పుల్లలతో కుడితే నూనె వంటకాలకు కూడా ఆగుతుంది. వాడి పెంటకుప్పలో వేస్తే మట్టే అవుతుంది. అంతకన్నా మంచిది స్టీలు గిన్నె. పక్కింటి పిన్నిగారికి గిన్నెతో ఇస్తే అది ఖాళీగా తిరిగి రాదు, సంక్రాంతికి వాళ్ల బూరెలతోనో పొంగలితోనో వస్తుంది. చెత్త అసలే పుట్టని ఈ పద్ధతిని మనవాళ్లు ఏ శాస్త్రమూ చదవకుండానే నడిపారు.

చివరిగా ఆ చీటీల గిఫ్టులు. 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, తమకొచ్చిన గిఫ్టులకు విలువ కట్టమని విద్యార్థులను అడిగారు. ఇచ్చినవాళ్లు పెట్టిన ఖర్చు కన్నా 10 శాతం నుంచి మూడో వంతు దాకా తక్కువ కట్టారు. అంటే అక్కర్లేని వస్తువు కోసం డబ్బుతో పాటు పత్తి, నీళ్లు, డీజిల్ కూడా పోయాయన్నమాట. ఫ్రాన్సెస్కా జినో, ఫ్రాన్సిస్ ఫ్లిన్ అనే పరిశోధకులు 2011లో ఇంకోటి చూపించారు. అడిగి తీసుకున్నదాని కన్నా తామే ఆలోచించి తెచ్చింది ఎక్కువ మెచ్చుకుంటారని ఇచ్చేవాళ్లు అనుకుంటారు, తీసుకునేవాళ్లకు మాత్రం అడిగినదే ఎక్కువ నచ్చుతుంది. కాబట్టి ఈసారి యూత్‌లో చీటీ మీద పేరు కింద, అనుకున్న ఖర్చులో పట్టే అవసరాలు మూడు రాయించండి. సైకిల్ బెల్లు, స్టీలు టిఫిన్ డబ్బా, గొడుగు, బైబిలుకు జిప్పు కవరు, ఏవైనా సరే. ఇచ్చేవాళ్లు ఆ మూడింటిలో ఒకటి ఎంచుకుంటారు. ఏది వస్తుందో ముందే తెలియదు కాబట్టి విప్పేటప్పటి సరదా కూడా పోదు.